అతిథి గ్లాసు పక్కన పెడితే

(రేణిగుంటలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మన రేణిగుంటలో రైల్వే జంక్షను ఉన్నది, విమానాశ్రయమున్నది. తిరుమల కొండకు వచ్చే దేశదేశాల యాత్రికులు మన ముంగిట్లోనే దిగుతున్నారు. చదువులకు, ఉద్యోగాలకు విదేశాలు వెళ్లిన మన పిల్లలు సెలవులకు వస్తూ అక్కడి స్నేహితులను వెంటబెట్టుకొని వస్తున్నారు. అటువంటి అతిథులకు ఏమి పెట్టాలి, వద్దంటే ఎట్లా అర్థం చేసుకోవాలి అన్న విషయమై నాలుగు మాటలు మనవి చేస్తాము.

ఒక వేసవిలో మేము తనిఖీకి వెళ్లిన సంఘంలో జరిగిన సంగతి ఇది. ఒక సభ్యురాలి కుమారుడు జర్మనీలో పని చేస్తున్నాడు. తనతో పనిచేసే ఇద్దరిని ఊరికి తీసుకువచ్చి, పాల సేకరణ చూపించాడు. ఆ తల్లి సంతోషం కొద్దీ అంగడి నుంచి బాదంపాల పొడి తెప్పించి, పచ్చగా మెరిసే పాలు గ్లాసుల్లో పోసి ఇచ్చింది. వచ్చినవారిలో ఒకామె పొడి ప్యాకెట్టు అడిగి తీసుకొని, వెనుకవైపు చదివి, గ్లాసు మెల్లగా పక్కన పెట్టింది. రెండవ ఆయన బాదంపాలు తాగాడు గాని మజ్జిగ ఇస్తే ముట్టలేదు. నీళ్లు కాచినవేనా అని అడిగాడు.

"చూడండి సార్, మా ఇంటి పాలు నోట్లో పెట్టకపోతే అది మర్యాదేనా?" అని ఆ తల్లి మాతో అన్నది. ఆమె బాధ మాకు అర్థమైంది. అయితే ఆ అతిథి వద్దన్నది పాలను కాదు, ఆ పచ్చరంగును.

ఆ ప్యాకెట్టు మీద 102 అనే అంకె ఉన్నది. అది టార్ట్రజైన్ అనే పసుపు రంగు. మన దేశంలో పరిమితికి లోబడి అనుమతించిన రంగే. ఐరోపా సమాఖ్య దేశాల్లోనూ నిషేధం లేదు. కాని 2010 జూలై నుంచి అక్కడ ఈ రంగు, మరో ఐదు రంగులు వాడిన ఆహారం ప్యాకెట్లపై, పిల్లల చురుకుదనం మీద, ధ్యాస మీద చెడు ప్రభావం ఉండవచ్చునని హెచ్చరిక అచ్చు వేయాలి. ఆ హెచ్చరిక చూస్తూ ఉన్నవారికి చేయి వెనక్కు పోవడం సహజం.

ఒక దేశం ఒప్పుకున్నది మరొక దేశం ఒప్పుకోదు. తెలుపు కోసం వాడే 171 అనే టైటానియం డయాక్సైడును ఐరోపా సమాఖ్య 2022లో ఆహారం నుంచి తొలగించింది. ఆవులు ఎక్కువ పాలిచ్చేందుకు వేసే హార్మోను సూదిని అమెరికా 1993లో అనుమతించగా, పక్కనే ఉన్న కెనడా 1999లో కాదన్నది. మన సంగతే చూడండి. విదేశాల్లో కొన్ని రకాల పెరుగు గట్టిగా నిలవడానికి జంతువుల నుంచి తీసిన జిలాటిన్ కలుపుతారు. మన శాకాహారి అక్కడికి వెళితే డబ్బా తిప్పి చదవకుండా తింటాడా? ఇక్కడ పచ్చ చుక్క కోసం వెతికే మనం, వారు అంకెల కోసం వెతికితే తప్పు పట్టరాదు.

అలాగని ప్రతి అంకే విషం కాదు. 330 అంటే నిమ్మ ఉప్పు. 412 అంటే గోరుచిక్కుడు గింజల జిగురు. 160బి అంటే వెన్నకు రంగునిచ్చే జాఫ్రా గింజల రంగు. 300 అంటే విటమిన్ సి. ఈ నాలుగు తెలిసి ఉంటే అతిథికి జవాబు చెప్పవచ్చు, అంగట్లో మనమూ చూసి కొనవచ్చు.

ఇక అసలు సంగతి. ఆ రోజు ఆ జర్మనీ ఆమె క్యానుల వైపు చూసి, "శీతలీకరణ కేంద్రం చేరేదాకా పాలు చెడకుండా వీటిలో ఏమైనా కలుపుతారా?" అని అడిగింది. కార్యదర్శి మా ముఖం చూశాడు. అంతకు పది రోజుల ముందే అక్కడ ఒక క్యాను పాలలో సోడా బయటపడింది. రోజాలిక్ ఆమ్లం చుక్కలు వేయగానే పాలు గులాబీ రంగుకు తిరిగాయి. ఆ పాలు పోసిన సభ్యుడు మా ఎదుటనే కూర్చుని ఉన్నాడు.

మేము అబద్ధం చెప్పలేదు. కలపకూడదు, చట్టం ఒప్పదు, అయినా ఈమధ్య ఒకసారి జరిగింది, పట్టుకొని తిప్పి పంపాము అని చెప్పాము. ఎవరి పేరూ చెప్పలేదు. అందరూ వెళ్లాక ఆ సభ్యుడు వచ్చి, "బండి రెండు గంటలు ఆలస్యం సార్. పాలు పులిస్తే ఆ పూట డబ్బులు పోతాయని వేసినా" అన్నాడు. తప్పు అతనిదే. కాని పులిసిన పాలు ఎన్ని లీటర్లో రిజిస్టరులో రాసుకున్న మేము, బండి ఎన్నిసార్లు ఆలస్యమైందో రాయలేదు. అది మా తప్పు. సోడా పాలను బాగు చేయదు, పులుపును దాచిపెడుతుంది, అంతే. పాలను కాపాడేది శుభ్రమైన పొదుగు, ఎండలో కడిగి ఆరబెట్టిన క్యాను, వేళకు వచ్చే బండి, నాలుగు డిగ్రీల చల్లదనం.

కావున సభ్యులకు మా మనవి. విదేశీ అతిథి వస్తే ఏమి తింటారో ముందే అడగండి. ప్యాకెట్టు పారవేయకుండా ఉంచి, అడిగితే చూపండి. పచ్చిపాలు ఇవ్వవద్దు, బాగా కాచినవే ఇవ్వండి. కాచి చల్లార్చిన నీళ్లతోనే మజ్జిగ చేయండి. వద్దంటే బలవంతపెట్టవద్దు. కార్యదర్శులు బండి వచ్చిన వేళను రోజూ రాయండి. తనిఖీకి వచ్చినప్పుడు ముందు ఆ పుటే చూస్తాము.

ఆ తల్లి మరునాడు కాచిన పాలలో బెల్లం, యాలకులు వేసి ఇచ్చిందట. ఇద్దరూ తాగారట. ఏమి వేశావని అడిగితే ఆమె అన్నీ చెప్పగలిగింది. మన క్యాను గురించి అడిగినా అట్లాగే చెప్పగలగాలి.