చిరునామాలోని పెద్దమనిషి



దిల్‌సుఖ్‌నగర్‌లో చీరలు కొనుక్కుని ఎల్.బి.నగర్ బస్సెక్కే మనం, రేషన్ కార్డు మీద, పిల్లల స్కూలు కాగితాల మీద "రంగారెడ్డి జిల్లా" అని రాసేస్తూ ఉంటాం. ఆ రంగారెడ్డి ఎవరమ్మా అని మీ చిన్నవాడు అడిగితే ఏం చెబుతారు?

కొండా వెంకట రంగారెడ్డిగారు 1890లో మొయినాబాద్ దగ్గర పెద్దమంగళారంలో వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. చదువుకుని వకీలయ్యారు. అవి నిజాం రోజులు. కోర్టు భాష ఉర్దూ. పొలం తగాదాతో వచ్చిన తెలుగు రైతుకు కాగితంలో ఏం రాశారో, ఏం తీర్పు చెప్పారో తెలిసేది కాదు. రైతు ఇంట పుట్టిన వకీలు అలాంటివాళ్లకెంత అండో ఊహించుకోండి! ఇప్పుడు ఆయన పేరున్న జిల్లా కోర్టులు మన ఎల్.బి.నగర్‌లోనే ఉన్నాయి.

1936లో షాద్‌నగర్‌లో జరిగిన అయిదవ ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు. ఆ మహాసభలతో పాటు మహిళా సభలూ జరిగేవి. ఘోషా పాటించే రోజుల్లో ఆడవాళ్లు వేదికెక్కి మాట్లాడడం చిన్న సంగతా? చరిత్ర రాసేవారు దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు గనుక నేను ఆగి మరీ చెబుతున్నాను.

1952లో బూర్గుల రామకృష్ణారావుగారి ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. అసలు పరీక్ష 1956లో వచ్చింది. తెలంగాణ విడిగా ఉండాలన్నదే ఆయన మనసులో మాట. అయినా కలపడమే ఖాయమయ్యాక, సంబంధం కుదుర్చుకునేటప్పుడు పెద్దలు ముందే అన్నీ మాట్లాడుకున్నట్టు, ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు వైపుల నుంచీ నలుగురేసి కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. తెలంగాణ నలుగురిలో రంగారెడ్డిగారొకరు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలన్నది అందులో ఒక షరతు.

నవంబరులో రాష్ట్రం ఏర్పడింది. నీలం సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు. ఉపముఖ్యమంత్రి మాత్రం లేరు! ఆ పదవి ఆరోవేలు లాంటిదని ఆయన అన్నారని చెప్పుకుంటారు. చివరికి 1959లో ఆ ఆరోవేలికే ఉంగరం తొడిగారు. రంగారెడ్డిగారు ఉపముఖ్యమంత్రి అయి, సంజీవయ్యగారి హయాంలో కూడా, 1962 దాకా ఉన్నారు. పదవి సరేనండీ, ఉద్యోగాల మాటా, తెలంగాణ మిగులు నిధుల మాటా ఏమైనట్టు? 1969లో పిల్లలు కాలేజీలు వదిలి వీధుల్లోకి వచ్చింది ఆ లెక్క అడగడానికే. రంగారెడ్డిగారు 1970లో పోయారు.

1978లో మర్రి చెన్నారెడ్డిగారు ముఖ్యమంత్రిగా ఉండగా హైదరాబాదు చుట్టుపక్కల ప్రాంతాన్ని కొత్త జిల్లా చేసి, దానికి ఈయన పేరు పెట్టారు. ఆనాటి ఒప్పందంపై చెన్నారెడ్డిగారి సంతకమూ ఉంది. 2016లో వికారాబాదు, మేడ్చల్ వేరుపడినా, మన సరూర్‌నగర్, ఎల్.బి.నగర్, అటు మొయినాబాద్ ఆ పేరు కిందనే మిగిలాయి.