ఏకాకి యాత్ర
(ఏకాదశి సత్సంగంలో చేసిన ప్రసంగపాఠం)



ఇరవై ఏండ్ల క్రిందట మా వీధిలోని ఒక ఇల్లాలు, భర్త పోయి, పిల్లలు లేని మనిషి, మా అరుగు దగ్గర నిలబడి, "శాస్త్రిగారూ, నేనొక్కదాన్నే కాశీకి వెళ్లి రావచ్చునాండీ?" అని అడిగినది. నేను చేతిలోని పుస్తకమైనా మూయలేదు. ఒంటరిగా దారి పట్టరాదని మనుస్మృతి నాల్గవ అధ్యాయంలో ఉన్నదనీ, తోడు దొరికినప్పుడు వెళ్లమనీ చెప్పి పంపివేసినాను. ఆమెకు తోడు దొరకలేదు. ఆరేండ్ల తరువాత ఆమె కాలం చేసినది. కాశీ ఖర్చులకని విడిగా మూటకట్టి దాచిన డబ్బు ఆమె పెట్టెలో ఉన్నదని బంధువులు చెప్పిన రోజున నాకు అన్నం సహించలేదు.

నేను చెప్పిన మాట శాస్త్రంలో లేనిది కాదు. అయితే నిషేధాన్ని చెప్పినవాడు దాని హేతువును కూడా చెప్పవలె. ఆ పని నేను చేయలేదు. పూర్వం దారి అంటే అడవి, దొంగలు, జ్వరాలు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరినప్పుడు పల్లకీలతో, డేరాలతో, దాదాపు వందమంది పరివారంతో కదలినారు. తిరిగి ఇల్లు చేరినది 1831 సెప్టెంబరులో. అటువంటి దారిలో ఒంటరివాడు పడిపోతే గొంతులో నీళ్లు పోసే దిక్కుండదు. ఆ భయంతో పుట్టిన నిషేధమది. ఇక పురాణేతిహాసాలను చూస్తే, విదురుడు తన ధనుస్సును వాకిట విడిచి తీర్థాలన్నీ ఒంటరిగానే తిరిగినాడని భాగవతం తృతీయస్కంధం చెప్పుచున్నది. అరణ్యపర్వంలో లోమశమహర్షి ధర్మరాజును యాత్రకు ముందు పరివారాన్ని తగ్గించుకొమ్మన్నాడు. ఇవన్నీ నాకు అప్పుడూ తెలుసును. అడిగినది విధవరాలు గనుక తోచలేదు. ఆ మాట ఒప్పుకొనడానికే ఈనాడు మీ ముందు నిలబడినాను.

నాకు డెబ్బదియొకటవ ఏట గృహిణీవియోగం కలిగినది. మేమిద్దరం వెళ్లవలసిన కాశీకి నేనొక్కడినే ప్రయాణం కట్టినాను. వద్దన్నవారు చాలామంది. వారిలో నా శిష్యుడొకడు, నా వద్ద చదువుకొన్న ఆ మనువాక్యాన్నే స్వరం తప్పకుండా నాకు అప్పజెప్పినాడు!

రైలులో ఒంటరి వృద్ధునికి ఒక సౌకర్యమున్నది. అరువది నిండిన పురుషులకు, నలుబదియైదు నిండిన స్త్రీలకు క్రింది బెర్తుల కోటా ఉన్నది గదా. అది ఒక టికెట్టుపై ఒకరో ఇద్దరో ప్రయాణించినప్పుడే వర్తిస్తుంది. గుంపుగా వెళ్లేవారికి లేదు. సామాను విషయంలో లోమశుని మాటే నాకు ప్రమాణం. ఒక్క సంచి, అదీ నా చేతితో నేను మెట్లెక్కించగలిగినంత. దారిలో పరిచయమైనవారితో కడుపునిండా మాట్లాడినాను గాని, వారిచ్చిన తినుబండారం మాత్రం నోట పెట్టలేదు. ఆచారమని చెబితే ఎవరూ నొచ్చుకోరు. రైల్వేవారి సహాయానికి 139, ఏ ఆపదకైనా 112 అన్న అంకెలను పెద్ద అక్షరాలతో వ్రాసి పెట్టుకొన్నాను.

ఇంత జాగ్రత్తపడియు ఒకచోట తప్పినాను. బండి ఆలస్యమై రాత్రి పది దాటిన తరువాత దిగినాను. నేను నమ్ముకొని వెళ్లిన వసతిగృహంలో, "ఒంటరివారికి గది ఇవ్వము" అన్నారు. వయస్సు చెప్పినాను, కార్డు చూపినాను. వినలేదు. ఆ రాత్రి స్టేషను బల్లమీద సంచి తలక్రింద పెట్టుకొని గడిపినాను. కోపం వచ్చినది, దాచను. తెల్లవారిన తరువాత ఇంకొకచోట, మా అబ్బాయి చేత ఫోనులో మాట్లాడించిన మీదట, గది దొరికినది. కనుక బయలుదేరకముందే "నేనొక్కడినే వస్తున్నాను, ఇస్తారా?" అని స్పష్టంగా అడగవలె. పగటిపూట చేరే బండినే ఎంచుకోవలె.

కాశీలో స్నానం చేసేటప్పుడు సంచి ఎవరు చూస్తారన్నది ఏకాకికి పెద్ద చిక్కు. ఘట్టం మీద పెద్ద గొడుగుల క్రింద కూర్చుండే ఘాటియాలు కొద్ది దక్షిణకు బట్టలు కనిపెట్టి ఉంటారు. డబ్బు మాత్రం గదిలోనే ఉంచి రావలె. తీర్థశబ్దం దాటుట అనే అర్థం గల ధాతువు నుండి వచ్చినది, తీర్థమంటే రేవు. జారిపడే చోటు కూడా అదే. మెట్లకు నాచు ఉంటుంది. గొలుసు పట్టుకొని, మోకాలి లోతులోనే మూడు మునకలు వేసినాను. వానకాలపు వరదలో ఒంటరిగా దిగనే కూడదు. విశ్వేశ్వరుని దర్శనానికి ఫోను లోపలికి రానివ్వరు. నంబరులన్నీ ఫోనులోనే ఉన్నవారు అక్కడ దిక్కుతోచక నిలబడుట చూచినాను. నా నంబరులు, వసతిగృహం చిరునామా కాగితం మీద రొండిన దోపుకొని ఉన్నవి.

ఇక సంతోషం మాట. గుంపుతో వెళ్లినప్పుడు ఎక్కడ చూచినా "పదండి, పదండి" అన్న కేకే. ఒంటరిగా తొమ్మిది రాత్రులు ఉన్నాను. గంగ అక్కడ ఉత్తరవాహిని గనుక సూర్యుడు ఆవలి ఒడ్డు మీద ఎదురుగా ఉదయిస్తాడు. కేదారఘట్టం మెట్లమీద సంధ్య వార్చుకొని గంటసేపు ఊరక కూర్చున్నా పిలిచేవారు లేరు. ఒక ఉదయం మిథిల నుండి వచ్చిన విద్యార్థి ఒకడు నా ప్రక్కన కూర్చున్నాడు. వానికి తెలుగు రాదు, నాకు హిందీ అంతంతమాత్రం. సంస్కృతంలో మాట్లాడుకొన్నాము. ఒక సమాసం దగ్గర వాదం వచ్చి, మధ్యాహ్నపుటెండ నెత్తికెక్కేవరకు తెమలలేదు. వాడే గెలిచినాడు! మా ఇంటావిడ ఉంటే ఇద్దరినీ చీవాట్లు పెట్టి భోజనానికి లేపేది. ఆ లోటు ఎక్కడికి వెళ్లినా ఉండేదే.

దాతలారా, మీకొక విన్నపం. ఒంటరివారికి గది ఇవ్వకపోవుటకు కారణం లేకపోలేదు. లోపల ఏదైనా జరిగితే చెప్పుకొనేదెవరికన్న భయం నిర్వాహకులది. కాని మీ తల్లిదండ్రుల పేర సత్రంలో గది కట్టించేటప్పుడు, ఒంటరిగా వచ్చిన వృద్ధులకు, స్త్రీలకు కూడా ఇవ్వవలెనని ఒక్క వాక్యం వ్రాయించండి. బంధువుల ఫోను నంబరు, గుర్తింపు కార్డు తీసుకొని ఇవ్వమనండి. వీలైతే పది మంచాల స్త్రీల గది ఒకటి, రాత్రి కాపలా మనిషితో ఏర్పాటు చేయండి.

మొన్న పౌర్ణమినాడు మా అరుగు దగ్గరకు మరొక తల్లి వచ్చి, ఆ పాత ప్రశ్ననే అడిగినది. ఈసారి పుస్తకం మూసినాను. ఆమెకు క్రింది బెర్తు దొరికినది. బండి పగలే చేరుతుంది. వసతిగృహం వారితో నేనే మాట్లాడినాను. నంబరుల కాగితం మా మనవరాలు వ్రాసి ఇచ్చినది, అక్షరాలు నావి కంటె గుండ్రంగా ఉంటవని. వచ్చే వారం బయలుదేరుతున్నది.