కీళ్ల నొప్పులు - పాడివారు తీసుకోవలసిన జాగ్రత్తలు

(పాల సంఘ సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగం)



లెక్కలు చూసే ఇన్‌స్పెక్టరుకు కీళ్ల సంగతి ఎందుకని అనుకోవద్దు. పితికే చేయి నొస్తే సంఘానికి వచ్చే పాలు తగ్గుతాయి.

రెండు పూటలా గొంతుక్కూర్చుని పితికితే మోకాళ్లు, నడుము పట్టుకుంటాయి. కాబట్టి పీట వేసుకోండి. బొటనవ్రేలు మడిచి గుంజకుండా నిండు పిడికిలితో పితకండి. చన్నుకూ మంచిది, మణికట్టుకూ మంచిది.

1874లో అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు ఆరంభించిన ఆస్టియోపతీ పద్ధతిలో కీళ్లను, కండరాలను చేతులతో సవరిస్తారు. నడుము నొప్పికి కొందరికి ఉపశమనం కలుగుతుంది. అయితే శిక్షణ పొందినవారి చేతనే చేయించుకోవాలి.

కాని అన్ని నొప్పులూ చేతి వైద్యానికి లొంగవు. కీళ్ల నొప్పితోపాటు విడిచి విడిచి జ్వరం, చెమటలు ఉంటే అది బ్రూసెల్లోసిస్ కావచ్చు. ఈసుకుపోయిన పశువు మాయను వట్టి చేతులతో తాకినా, పచ్చిపాలు త్రాగినా ఇది మనకు సోకుతుంది. అట్టివారు పశువు ఈసుకుపోయిన సంగతి డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. మందులు సాధారణంగా ఆరు వారాలు వాడాలి. జ్వరం తగ్గిందని మధ్యలో మానితే తిరగబెడుతుంది.

నివారణ మన చేతిలోనే ఉంది. 4 నుండి 8 నెలల వయసు పెయ్యదూడలకు, పడ్డదూడలకు ఒకసారి టీకా వేయించండి. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం క్రింద ఇది ఉచితం. మాయను తొడుగులు వేసుకుని తీసి, సున్నం చల్లి లోతుగా పూడ్చండి. పాలు కాచి త్రాగండి.

ఈ విషయం పాలు పోసే ప్రతి ఇంటికీ చేరవేయవలసిందిగా సంఘ కార్యదర్శులను కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.