గడప దగ్గరికి వచ్చే ఓటు



ఇంట్లో తెలుగు, తాలూకా కచేరీలో కన్నడం. కోలారు జిల్లా సరిహద్దు పల్లెల్లో మన బతుకు తీరు ఇది. ఈ రెండు భాషల మధ్య కొన్ని సంగతులు మన చెవిన పడకుండానే జారిపోతుంటాయి. అటువంటి ఒక సంగతి ఈ పూట మీతో చెప్పుకుంటాను.

2023 మే 10న కర్ణాటక శాసనసభకు పోలింగు జరిగింది. ఆ ఉదయం మా వీధిలో ఒక తల్లి నన్ను ఆపి, "టీచరమ్మా, ఇంటికొచ్చి ఓటు వేయించుకుంటారంట గదా, మావాడి దగ్గరికి ఎప్పుడొస్తారు?" అని అడిగింది. ఆమె కొడుకు పుట్టినప్పటి నుంచీ నడవలేడు. నాకు నోట మాట రాలేదు. గడువు ఏప్రిల్ నెలలోనే దాటిపోయింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ నాలుగిళ్ళ అవతల ఉన్న ఆమెకు చెప్పలేదు.

2019లో ఎన్నికల నియమాలను సవరించి, వికలాంగులకు ఇంటి దగ్గరే పోస్టల్ బ్యాలెట్ వేసే వీలు కల్పించారు. మన రాష్ట్రంలో అది 2023లో వచ్చింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా అమలైంది. నలభై శాతం, అంతకు పైబడిన వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉండాలి. ఎనభై అయిదేళ్ళు దాటిన పెద్దలకూ ఈ వీలుంది. కావలసిన కాగితం 12డి ఫారం. ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన అయిదు రోజుల లోపల దాన్ని అందజేయాలి. అయిదు రోజులంటే ఎంత? ఊళ్ళో ఒక పెళ్ళి, ఒక సంత జరిగితే గడిచిపోతాయి.

అందుచేత ఎన్నికలు వచ్చేదాకా ఆగకండి. ఓటర్ల జాబితాలో వైకల్యం నమోదైందో లేదో మీ బూత్ స్థాయి అధికారిని ఇప్పుడే అడగండి. నమోదు కాకపోతే 8వ నంబరు ఫారం నింపి ఇవ్వండి. 1950 నంబరుకు ఫోను చేసినా వివరాలు చెబుతారు.

ఒక్క జాగ్రత్త. ఇంటి ఓటుకు పేరు ఖాయమైతే మళ్ళీ బూత్‌లో వేయడానికి లేదు. ఇంటి దగ్గర వేయడం మన ఇష్టమే గాని నిర్బంధం కాదు. బూత్‌కు వెళ్ళేవారి కోసం యంత్రం మీద బ్రెయిలీ అంకెలుంటాయి. చూపు లేనివారు, మీట నొక్కలేనివారు పద్దెనిమిదేళ్ళు నిండిన ఒకరిని తోడు తీసుకుపోవచ్చు. ఆ తోడు వెళ్ళినవారు ఓటు ఎవరికి పడిందో బయట చెప్పకూడదు. తమకు నచ్చిన మీట అసలే నొక్కకూడదు.

ఆ మధ్యాహ్నం ఆ అబ్బాయిని ఆటోలో తీసుకుపోయాము. తల్లి కూడా లోపలికి రాబోతే, "వద్దమ్మా, నా చేతులు బాగానే ఉండాయి గదా" అన్నాడు. తన ఓటు తానే వేసి వచ్చాడు.

ఆ రోజు ఆటో దొరికింది కాబట్టి సరిపోయింది. మీ వీధిలో గడప దాటలేనివారు ఎవరున్నారో ఒక్కసారి తలచుకోండి. కన్నడంలో ఉన్న ఆ కాగితాన్ని వారికి తెలుగులో చదివి చెప్పండి. నేను ఆలస్యంగా చేసిన పని మీరు ముందుగా చేయండి.