వంటింటి పొయ్యి – పొగగొట్టము



చిన్ననాడు మేము తర్కసంగ్రహము చదువుకొనునప్పుడు గురువుగారు మొదట చూపిన ఉదాహరణము వంటిల్లే. ఎచ్చట పొగ యుండునో అచ్చట నిప్పు ఉండును, వంటింటిలోవలె, అని వల్లించితిమి. కాని ఆ పొగలో కూర్చుండి మాకు అన్నము వండుచున్న తల్లుల కన్నులవైపు ఎన్నడును చూచినవారము కాము. ఆ శాస్త్రమే మరియొక మాటయు చెప్పినది. నిప్పు ఉన్నచోటనెల్ల పొగ ఉండి తీరవలెనను నియమము లేదు. కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నది, పొగ లేదు. తడికట్టె చేరినప్పుడే పొగ పుట్టును. ఈ సూక్ష్మమును వంటింటికి తెచ్చుకొనుటయే నేటి నా ప్రసంగము.

2016లో ప్రారంభమైన ఉజ్జ్వల పథకము వలన గ్యాసు అనేక గృహములకు చేరినది. అయినను నీళ్లు కాచుటకును, పెద్ద వంటలకును, బండ నిండుకొన్న దినములకును కట్టెలపొయ్యి మన యిండ్లను విడువలేదు. దాని పొగ శిశువులకు ఊపిరితిత్తుల వాపును, పెద్దలకు ఆయాసమును, కన్నులకు శుక్లములను తెచ్చునని వైద్యులు చెప్పుచున్నారు.

పొగగొట్టముగల మట్టిపొయ్యి మనకు క్రొత్తది కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునందు ఎస్. పి. రాజుగారు అట్టి పొయ్యిని రూపొందించి, 1953లో దానినిగూర్చి పుస్తకము ప్రకటించిరి. 1983లో కేంద్రప్రభుత్వము మెరుగైన పొయ్యిల కార్యక్రమమును ఆరంభించి 2002 వరకు నడపెను. అయినను అప్పుడు కట్టిన పొయ్యిలలో పెక్కు మూలబడినవి. గొట్టము మసితో పూడినను తీయువారు లేరు. మట్టి పగిలినను మెత్తువారు లేరు. పొయ్యి కట్టుటతో పని ముగియదని దీనివలన తెలియుచున్నది.

ఇక కట్టు విధానము. వెలుపలి గోడను ఆనుకొని, నేరుగా వాకిటిగాలి తగులని తావు ఎన్నుకొనవలెను. కట్టెలమోపు, పిడకలు, నూనెడబ్బాలు మూడడుగుల లోపల ఉండరాదు. బంకమట్టిలో ఊకయు, పేడయు కలిపి మెదిపి కట్టి, నీడను పూర్తిగా ఆరనిచ్చి, మొదట కొన్నిదినములు చిన్నమంట మాత్రమే పెట్టవలెను. నిత్యము వండు గిన్నెను తెచ్చి దాని కొలతకే రంధ్రము చేయవలెను. గిన్నెకును పొయ్యికిని నడుమ సందున్నచో పొగ గొట్టమువైపు పోక ఇంటిలోనికి వచ్చును. రెండవ రంధ్రముపై పాత్ర లేనప్పుడు మూత వేయవలెను.

గొట్టము నాలుగంగుళముల వెడల్పు కలిగి, వంకరలు తక్కువగా, నిట్టనిలువుగా పోవలెను. దాని కొన పది అడుగుల లోపలనున్న కప్పుకన్న రెండడుగులైనను ఎత్తుండవలెను. వాన పడకుండ పైన టోపీయు, మసి తీయుటకు అడుగున మూతగల చిన్న రంధ్రమును ఉండవలెను.

ఇచ్చట నేను చేసిన తప్పు చెప్పుకొనవలెను. మా పెరటి వసారా తాటాకు కప్పుది. ఇనుపగొట్టమును ఆ కప్పులోనుండియే పైకి తీయించితిని. చుట్టును జానెడు ఎడము విడువుమని తాపీమేస్త్రి చెప్పెను. వాన కురియునను భయముతో నేనే ఆ సందును ఎండుగడ్డితో కూరితిని. ఒకనాటి రాత్రి వంట ముగిసిన పిమ్మట ఆ గడ్డి లోలోపల రాజుకొన్నది. మా కోడలు వాసన పట్టి, మొదట ఉయ్యాలలోని బిడ్డను వెలుపలికి చేర్చి, బిందెలతో నీళ్లు చల్లి ఆర్పినది. నేను నిద్రించుచుంటిని. చదువుకొన్నవాడను నేను, ఇల్లు నిలిపినది ఆమె.

కావున తాటాకు కప్పు క్రింద పొయ్యి పెట్టకుండుటయే మేలు. తప్పనిచో గొట్టమును మట్టిగోడలోనుండి వెలుపలికి తీసి, చూరునకు మూడడుగుల ఎడముగా నిలుపవలెను.

పొయ్యి ముగిసిన పిదప పరీక్షింపుడు. వెలిగించిన కాగితమును పొయ్యినోటికడ పట్టినచో మంట లోనికి వంగవలెను. వెలుపలికి వంగినచో గొట్టము పూడినదో, ఎత్తు చాలదో చూడుడు. నెలకొకసారి కఱ్ఱకు గుడ్డ చుట్టి మసి తీయుడు. కట్టెలను వానకాలమునకు ముందే ఎండబెట్టి కప్పు క్రింద చేర్పుడు. బూడిదను వెంటనే గడ్డివామి చెంత పోయరాదు. నివురుగప్పిన నిప్పు మాట మీకు తెలియనిది కాదు.

కడపటిది. పొగ కానరానిచోట అపాయము లేదని తలపరాదు. బొగ్గుల కుంపటిని చలికాలమున తలుపులు మూసిన గదిలో ఉంచుకొని నిద్రించినవారు తిరిగి లేవకుండుట కలదు. రంగును వాసనయు లేని కార్బన్ మోనాక్సైడు దానికి కారణము. పొగగొట్టమున్నను వంటింటి కిటికీ తెరచియే యుంచవలెను. కుంపటిని పడకగదిలో పెట్టనే రాదు.

పొయ్యి కట్టించువారము మనము. దానిముందు కూర్చుండువారు స్త్రీలు. ఎత్తెంత, నోరెటు, గిన్నె యేది అని మొదట వారిని అడుగుడు. రేపు ఉదయము వంటవేళ మీ వంటింటి గుమ్మముకడ ఒక గడియ నిలిచి చూడుడు. కన్నులు మండినచో, పని ఎచ్చట మొదలుపెట్టవలెనో మరియొకరు చెప్పనక్కరలేదు.

సెలవు.