సయానీ గొంతు, సంగారెడ్డి చెవి
(పటాన్‌చెరులో చేసిన స్మారకోపన్యాసం)

ఎవరి పేరిట ఈ ఉపన్యాసమో, ఆయన ఈ ఊళ్ళో రేడియోలు బాగుచేసేవారు. గొప్ప పనిమంతుడు. నా మర్ఫీ రేడియో ఆయన కొట్లోనే ఉండిపోయింది. కొడుకులు ముందు వరసలో కూర్చున్నారు కనుక ఆ సంగతి ఇక్కడితో ఆపుతాను.

అమీన్ సయానీ కథ మీకు తెలిసిందే. 1932లో బొంబాయిలో పుట్టారు. 1952 డిసెంబరులో కొలంబో నుంచి ప్రసారమయ్యే రేడియో సిలోన్‌లో ఆయన నడిపిన హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా మొదలైంది. 2009లో పద్మశ్రీ, 2024 ఫిబ్రవరిలో కన్నుమూత. కేస్కర్ సమాచార ప్రసార మంత్రిగా ఉండగా ఆకాశవాణిలో సినిమా పాట కరువవడం, శ్రోతలు కొలంబోకి మళ్ళడం, 1957లో వివిధ భారతి పుట్టడం, ఇవన్నీ చరిత్రకారుడు డేవిడ్ లెలీవెల్డ్ 1994లోనే చర్చించారు. మళ్ళీ చెప్పను.

నా పేచీ ఒక్కచోటే. సయానీ హిందుస్తానీ ఇంతమందికి ఎలా అర్థమైంది? తల్లి కుల్సుమ్ సయానీ నడిపిన ‘రహబర్’ వల్ల అంటారు. కొత్తగా అక్షరాలు నేర్చినవాళ్ళ కోసం మూడు లిపుల్లో వచ్చిన పత్రిక అది. అక్కడే ఆయనకు తేలిక మాట అబ్బిందట. అబ్బి ఉండొచ్చు. కానీ అది చెప్పేవాడి సంగతి. వినేవాడి మాటేమిటి? మీడియా పరిశోధకుడు అశ్విన్ పునతాంబేకర్ 2010 వ్యాసం సయానీని, బొంబాయి సినిమాని పట్టుకుంది. ఇసబెల్ హువాకుహా అలోన్సో 2023 పుస్తకం ‘రేడియో ఫర్ ది మిలియన్స్’ సరిహద్దులు దాటిన హిందీ-ఉర్దూ ప్రసారాల గురించి. వారి హద్దులు వారివి, తప్పు పట్టను. వాటిని చూసి మనవాళ్ళు “సయానీయే మనకు హిందీ నేర్పాడు” అని రాస్తేనే ఒళ్ళు మండుతుంది.

సంగారెడ్డి 1948 దాకా నిజాం రాజ్యం. బడిలో ఉర్దూ, కచేరీలో ఉర్దూ, 1918లో పెట్టిన ఉస్మానియాలో పై చదువూ ఉర్దూలోనే. గీత్‌మాలా కంటే ముందే నిజాం దక్కన్ రేడియో చెవులకు ఆ నుడి అలవాటు చేసింది. ఇక్కడి తాలూకా గుమాస్తాకి గీత్‌మాలా భాష, సంతలో తాను బేరమాడే దక్కనీ ఉర్దూకి ఇస్త్రీ చేసినట్టుండేది. అంతే.

“మరి చదువురాని రైతో?” అని ఒక మిత్రుడు నిలదీశాడు. ఆ రైతుకి 1952లో రేడియో ఎక్కడిది? ట్రాన్సిస్టర్ చేతికొచ్చేసరికి రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ ఫ్యాక్టరీ వెలిసింది, పక్క మిషను మీద పనిచేసే బీహారీతోనే హిందీ వచ్చేసింది. తెలుగు పాట కావాలంటే అదే కొలంబో నుంచి మీనాక్షి పొన్నుదురై తెలుగులోనే పలకరించేవారు. వచ్చే ఏడు ఆమె మీద మాట్లాడతానంటే నిర్వాహకులు నవ్వి ఊరుకున్నారు.

అందుకే ఇప్పుడు జోగిపేట, సదాశివపేట, జహీరాబాదుల్లో నిజాం కాలపు ఉర్దూ బడిలో చదివి సిలోన్ విన్న పెద్దల మాటలు రికార్డు చేస్తున్నాను. ఎనభై అయిదుకి తక్కువవాళ్ళు దొరకరు. మీ ఇళ్ళలో అలాంటివారుంటే సభ అయ్యాక చెప్పండి, నేనే వస్తాను. ఉర్దూలో రాసిన పాటల నోటుబుక్కులున్నా సరే, పాత పేపర్లవాడికి వేయకండి.