సరిహద్దు మార్పు – గ్రామసభ హక్కు
(పఠనమందిర సభయందలి ప్రసంగ పాఠము)



యూరపు ఖండమున ఇరువదియేడు రాజ్యములు ఒక సమాఖ్యగా నేర్పడి, దాని నిర్ణయములలో సామాన్యపౌరునకు పాలెంతయని నేటికిని తర్కించుకొనుచున్నవి. ఇది మనకు దూరపు ముచ్చట గాదు. భద్రాచలము వంతెన దాటి, పట్టణమును గడచి, ఏటపాక చేరినచో అదే ప్రశ్న మనకెదురగును.

భద్రాచలసీమ చేతులు మారుట క్రొత్తగాదు. 1860లో నిజాము దానిని ఆంగ్లేయుల కప్పగించెను. మధ్యపరగణాలలో కొంతకాలముండి 1874లో గోదావరి జిల్లాకు వచ్చెను. 1959లో తూర్పుగోదావరి నుండి ఖమ్మము జిల్లాలో చేరెను. ఇన్ని మార్పులలో కోయలను, కొండరెడ్లను ఓటడిగినవారు లేరు. దొరతనము పరాయిదైన నాటి సంగతికి ఆశ్చర్యపడనక్కరలేదు. ప్రజాప్రభుత్వమున నేమి జరిగెనో చూతము.

2014 ఏప్రిల్ 30న ఈ మన్యప్రజలు తెలంగాణ శాసనసభకు ప్రతినిధులను ఎన్నుకొనుటకై ఓటువేసిరి. నెల తిరుగకమున్నే, మే 29న, ఢిల్లీనుండి ఆర్డినెన్సు వెలువడెను. పోలవరము ముంపు కారణముగా కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము, వేలేరుపాడు, కుక్కునూరు మండలములును, భద్రాచల పట్టణము తప్ప ఆ మండలమును, కొన్ని గ్రామములు తప్ప బూర్గంపాడు మండలమును ఆంధ్రప్రదేశమునకు బదిలీ అయ్యెను. తెలంగాణ శాసనసభ అప్పటికింకను కొలువుదీరనే లేదు. జూలైలో పార్లమెంటు దానిని చట్టముగావించెను. పునర్విభజన చట్టము 90వ సెక్షను మరియొక వింత: పోలవరమునకు తెలంగాణము సమ్మతించినట్లే భావింపవలెనని అందున్నది. పుట్టని బిడ్డచేత వేలిముద్ర వేయించుట యనిన నిదియే.

అంతకన్న చోద్యము ప్రాతినిధ్యపు సంగతి. భద్రాచలమునుండి గెలిచిన సున్నం రాజయ్యగారి స్వగ్రామము వరరామచంద్రపురము మండలములోనిది. ఆయన తెలంగాణ శాసనసభ్యులైరి. ఆయన ఊరు ఆంధ్రప్రదేశమున పడెను. ఓటువేసిన వారికి తమ సభ్యుడు పొరుగు రాష్ట్రపువాడు. తమ్మేలు ప్రభుత్వమును నిలదీయుటకు ఆ రాష్ట్రపు సభలో తామెన్నుకొన్న వాడొక్కడును లేడు. 2018లో ఈ మండలములను రంపచోడవరము, పోలవరము నియోజకవర్గములలో కలిపిరి. 2019 ఎన్నికలవరకు వారికి అక్కడ ఓటు దక్కలేదు. ముంపు పరిహారము, పునరావాసము అడుగవలసిన యేండ్లవి!

ఇది రాజ్యాంగవిరుద్ధమా యని మీరడుగవచ్చును. మూడవ అధికరణము ప్రకారము రాష్ట్రముల హద్దులు మార్చు అధికారము పార్లమెంటుదే. రాష్ట్ర శాసనసభ అభిప్రాయము చెప్పవచ్చును. దాని సమ్మతి అక్కరలేదు. 2014 జనవరిలో ఉమ్మడి శాసనసభ విభజన బిల్లును త్రోసిపుచ్చినను ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించెను. తెలంగాణము ఆ మార్గముననే వచ్చినది గావున, అధికారమునే తప్పుపట్టుట మాకు సమ్మతము గాదు. సంస్థానములు విలీనమగుచున్న దినములలో అట్టి అధికారము అవసరమే. 1948లో రాజ్యాంగసభలో కె.టి. షాగారు, హద్దుమార్పు ప్రతిపాదన ఆయా రాష్ట్రసభలోనే పుట్టవలెనని వాదించిరి, సభ ఒప్పుకొనలేదు. అయినను సభలను గూర్చియే వాదము నడచెను; ఊళ్ల మాట తలపునకే రాలేదు.

1996 నాటి పెసా చట్టము ఊళ్లను తలపునకు తెచ్చెను. షెడ్యూల్డు ప్రాంతమున భూమిని సేకరించుటకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదింపవలెను. 2013లో సుప్రీముకోర్టు ఆదేశముపై నియమగిరిలో పండ్రెండు గ్రామసభలు గనిత్రవ్వకమును నిరాకరించెను. ఎకరము తీసికొనుటకు సంప్రదింపు కావలయునట. ఊరికి ఊరినే వేరు రాష్ట్రమున చేర్చుటకు అక్కరలేదట! ఈ న్యాయము మాకు బోధపడలేదు.

డెన్మార్కు చిన్న దేశము. 1992 జూన్‌లో దాని ప్రజలు మాస్ట్రిక్టు ఒడంబడికను స్వల్పాధిక్యముతో కాదనిరి. సమాఖ్య కూలలేదు, వారికి కొన్ని మినహాయింపులిచ్చి 1993లో మరల అడుగగా ఔననిరి. అవి సర్వస్వతంత్ర రాజ్యములు, మన రాష్ట్రములు కావు. ఆ యంతరము మేమెరుగుదుము. అడిగినంతమాత్రమున ఐక్యత చెడదని చూపుటకే ఈ ప్రస్తావన.

ఏటపాక, గుండాల, పురుషోత్తపట్నము, కన్నాయిగూడెము, పిచ్చుకలపాడు – ఈ ఐదూళ్లు భద్రాచలమును ఆనుకొనియున్నవి. రామాలయపు భూములు వందల యెకరములు పురుషోత్తపట్నమున నున్నవి. 2022 జూలైలో గోదావరి భద్రాచలమువద్ద డెబ్బదియొక్క అడుగులు మించినపుడు, తమను తెలంగాణమున కలుపుడని ఆ యూళ్లవారు మరల మొరపెట్టిరి. ఆ యేటి జిల్లాల మార్పులో ఏటపాకకు జిల్లాకేంద్రము పాడేరయ్యెను. వంతెనప్రక్క నుండువానికి నాడు కలెక్టరు కచ్చేరి కొండలకావల పడెను!

వారిని కలుపవలెనో వద్దో ఇచటనుండి తీర్పుచెప్పుట మా పనిగాదు. పోలవరపు నీటిని నమ్మిన రైతుల కష్టమును మేము మరువలేదు. మేము కోరునవి రెండు. షెడ్యూల్డు గ్రామమును రాష్ట్రము మార్చు బిల్లునకు ముందు గ్రామసభ కూడి, దాని తీర్మానము పార్లమెంటు ముందుంచబడవలెను. హద్దు మారిన నాడే ఓటునకు నియోజకవర్గమును నిర్ణయింపవలెను. మొదటిదానికి మూడవ అధికరణమున ఒక వాక్యము చేర్చవలసి యుండును; రెండవదానికి సాధారణ చట్టమే చాలును. ఈ మేరకు మహజరొకటి వ్రాసి ఉభయ రాష్ట్రముల పార్లమెంటు సభ్యులకు పంప తలచినాము. కాగితము బల్లపై నున్నది. చదివి, సమ్మతమైనవారు సంతకము చేయవచ్చును.